రాబోవు రంగు నెవరు నిర్ణయింతురు?



మనలో పెక్కు కుటుంబములకు మగ్గముతోడి సంబంధము తరతరములుగా గలదు. షోలాపురమునందలి పద్మశాలీలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నూలునకు రంగు వేయునాడే ఆ బట్ట పండుగనాటి కెవరికి నచ్చునో ఊహింపవలెను. ఊహ తప్పినచో నష్టము మనదే.

ఇట్టి ఊహయే విదేశములందొక వృత్తియైనది. 1963లో పారిస్‌నందు ఏర్పడిన ఇంటర్‌కలర్ సంఘమున పలుదేశముల నిపుణులు కూడి రాబోవు వన్నెలను ముందుగానే చర్చింతురు. అమెరికాలోని పాంటోన్ సంస్థ 2000 సంవత్సరము మొదలు ఏటేట నొక రంగును ప్రకటించుచున్నది. తొలుత ఆకాశనీలము, 2024కు పీచుపండు ఛాయ, 2025కు కాఫీవన్నె, 2026కు మబ్బువంటి తెలుపు. తెల్లని బట్టయే కొత్త రంగన్నచో మన అవ్వలు నవ్వరా!

ఇది జోస్యమా, ఆజ్ఞయా యని మా సందేహము. మిల్లులు, దుకాణములు ముందే యొకే వన్నెకు సిద్ధపడినచో కొనువారికి వేరేమి దొరకును?

అయినను అన్ని రంగులు సభలలో పుట్టవు. 1856లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ క్వినైను చేయబోయి ఊదారంగును కనుగొనెను. కొలదియేండ్లలో లండనంతయు ఊదామయమయ్యెను. 1897లో జర్మనీ కృత్రిమ నీలిమందు విపణికి రాగా మన నీలిసాగు క్షీణించెను. దానిని మన రైతులకు ముందుగా చెప్పినవారెవరు?

కావున ఆ ప్రకటనలను చదువుదము. నూలంతయు ఒక్క తొట్టిలో ముంచవలదు. బేరమాడు ఇల్లాలు ఏ వన్నెను రెండుమారులు తిరిగి తాకినదో, దానిని మాత్రము నేటినుండియే వ్రాసియుంచుకొందము.