ఉప్పునీటిలో నలుచదరపు ప్రాణి

(రావివలసలో చేసిన స్మారకోపన్యాసం)



తొమ్మిదో తరగతి వేసవిలో, ఇవాళ మనం తలచుకుంటున్న మాస్టారు మమ్మల్ని నౌపడ ఉప్పు మడుల దగ్గరికి తీసుకెళ్లారు. మడి నుంచి మడికి మారుతూ చిక్కబడిన సముద్రపు నీరు, ఆఖరి మడిలో ఎర్రగా ఉంది. ‘ఈ ఎరుపు ఎక్కడిదిరా?’ అని అడిగారు. జవాబు చెప్పకుండానే ముందుకు నడిచారు. ఆ బాకీ ఇవాళ తీర్చుకుంటాను.

ఉప్పుచేప ఎర్రబారితే మా అమ్మ పక్కకు తీసేసేది. కెనడాలోనూ అదే తలనొప్పి. ఉప్పు వేసిన కాడ్ చేపలు ఎందుకు ఎర్రబడుతున్నాయో హారిసన్, కెనడీ అనే ఇద్దరు వెతికి, అది సూక్ష్మజీవుల పనేనని 1922లో ప్రచురించారు. చేప చెడిపోకూడదని వేసే ఉప్పులోనే అవి వస్తున్నాయి! మాస్టారు అడిగిన మడి ఎరుపూ ఇలాంటి వాటిదే. 1936లో వోల్కాని అనే శాస్త్రవేత్త మృత సముద్రంలోనూ జీవం ఉందని చూపాడు. 1977లో వోస్, ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు జీవుల్లో ఆర్కియా అనే వేరే శాఖను గుర్తించాక, ఈ ఎర్రటి ఉప్పు ప్రాణులు బ్యాక్టీరియా కావనీ, ఆ శాఖకు చెందినవనీ తేలింది.

ఇక నేను ఆగి చెప్పాలనుకున్న చోటికి వచ్చాను. 1980లో ఆంథొనీ వాల్స్‌బీ అనే శాస్త్రవేత్త సినాయ్ ఎడారి తీరంలోని ఒక ఉప్పు మడుగు నీటిని మైక్రోస్కోపు కింద పెట్టాడు. నాలుగు మూలలూ తీరుగా ఉన్న పల్చటి పలకలు కనిపించాయి. ఎవరైనా ఉప్పు పలుకులే అనుకుంటారు. ఆయన మాత్రం వాటిలో గాలి తిత్తులు మెరవడం చూశాడు. ఉప్పు పలుకుకు గాలి తిత్తి ఉండదు కదా! పక్క కొలత 2 నుంచి 5 మైక్రాన్లు, మందం మైక్రానులో ఐదో వంతు దరిదాపు. రెండుగా, నాలుగుగా విడిపోతూ తపాలా బిళ్ళల షీటులా అతుక్కుని ఉంటాయి.

నలుచదరం ఎందుకు? మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది. ముక్కలోని నీటిని ఉప్పు లాగేస్తుంది. కానీ ఈ ప్రాణి తన ఒంట్లో పొటాషియం లవణాన్ని నింపుకుని, లోపలా బయటా సమానం చేసుకుంటుంది. అందుకే దాని నీరు పోదు. మామూలు కణాన్ని లోపలి ఒత్తిడి బంతిలా ఉబ్బిస్తుంది. దీనికి ఆ ఒత్తిడి లేదు కనుక పలకలా పరుచుకోగలదు. పరుచుకుంటే ఎండ బాగా తగులుతుంది, మేత బాగా అందుతుంది. 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ అనే శాస్త్రవేత్తలు ఒక ఉప్పు ప్రాణిలో వెలుగును శక్తిగా మార్చే ఊదారంగు ప్రొటీన్‌ను గుర్తించారు. అలాంటిదే దీనికీ ఉంది. పైకప్పు లేకుండా ఎండలోనే వెలసిన మన మల్లికార్జునస్వామిని తలచుకుంటే, ఎండ మీద బతికే ఈ ప్రాణి మన ఊరికి చుట్టమే అనిపిస్తుంది నాకు.

చూడటం ఒక ఎత్తు, పెంచడం ఒక ఎత్తు. మేత దండిగా వేస్తే వేరే జాతులు ముందు పెరిగిపోయి దీన్ని కమ్మేస్తాయి. మేత పల్చగా వేసి, వారాల తరబడి ఓపిక పట్టి 2004లో రెండు బృందాలు విడివిడిగా దీన్ని పెంచాయి: ఒకటి స్పెయిన్ ఉప్పు మడి నుంచి, ఒకటి ఆస్ట్రేలియా ఉప్పు మడి నుంచి. 24 ఏళ్లు పట్టింది. ఇంకా ఆశ్చర్యం, అంత దూరాల నుంచి తెచ్చిన ఆ రెండింటి జన్యువులూ దాదాపు ఒకటే. 2007లో పెట్టిన పేరు హాలోక్వాడ్రాటమ్ వాల్స్‌బీ: ఉప్పు, చదరం, చూసినవాడి పేరు. జపాన్ ఉప్పు మడుల నుంచి ముక్కోణపు చుట్టం కూడా దొరికింది.

నా చేతిలోని ఈ పొట్లంలో నౌపడ కల్లుప్పు ఉంది. పలుకును వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి మసక చారలు కనిపిస్తాయి. గట్టిపడేటప్పుడు ఉప్పులో చిక్కుకుపోయిన నీటి బొట్లవి. అలాంటి బొట్లలో ఉప్పు ప్రాణులు చాలా కాలం బతికి ఉంటాయి. వెనక బల్ల మీద మైక్రోస్కోపు పెట్టించాను. ముందు పిల్లలు రండి. పెద్దలం తర్వాత చూద్దాం.