ఒకటో రకం, రెండో రకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బజారులో బియ్యం కొంటే మొదటి రకం మేలైనవి, రెండో రకం కాస్త తక్కువవి. ఆ లెక్కనే మనం సైన్సులోకీ తీసుకెళ్తాం. దాని ఫలితం డాక్టరుగా నేను కళ్లారా చూశాను.

కొన్నేళ్ల క్రితం ఒక పదేళ్ల పాపను ఆయాసంతో, మగతలో ఉండగా నా దగ్గరికి తెచ్చారు. టైప్ 1 మధుమేహం. ఇంట్లోవాళ్లు ఇన్సులిన్ మాన్పించారు. "ఒకటే కదా సార్, ఇంకా మొదట్లోనే ఉందనుకున్నాం. ముదిరి రెండుకొస్తే అప్పుడు సూదులు వేయిద్దామనుకున్నాం" అన్నాడు తండ్రి. పాప దక్కింది. తప్పు ఆయనది కాదు. చీటీ మీద అంకె రాసి, అర్థం చెప్పని మా డాక్టర్లది.

అవి ఒకే జబ్బులో రెండు మెట్లు కావు. టైప్ 1లో శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ మానితే ప్రాణానికే ముప్పు. టైప్ 2లో ఇన్సులిన్ ఉన్నా శరీరం దానికి సరిగా లొంగదు. చాలామందికి ఆహార నియమం, వ్యాయామం, మాత్రలతో అదుపులో ఉంటుంది. ఒకటి ముదిరి రెండు కాదు.

ఆకాశంలోనూ ఇంతే. పేలిపోయే నక్షత్రాలను 1941లో రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ రెండు రకాలుగా విడదీశాడు. వాటి వెలుగులో హైడ్రోజన్ జాడ లేకపోతే టైప్ 1, ఉంటే టైప్ 2. టైప్ 1లోనే కొన్ని, టైప్ 2 లాగే, పెద్ద నక్షత్రపు గర్భం కూలిపోయి పేలుతాయని తర్వాత తేలింది. అంకె చెప్పింది పైకి కనిపించిన గుర్తును, లోపలి కారణాన్ని కాదు.

గణాంక శాస్త్రంలో టైప్ 1 పొరపాటంటే లేనిదాన్ని ఉందనడం, టైప్ 2 అంటే ఉన్నదాన్ని లేదనడం. జబ్బున్నవాణ్ణి ఆరోగ్యవంతుడని పంపేస్తే, ఆ రెండో పొరపాటే ప్రాణం తీయవచ్చు.

ఈ బడిలో నేను బి సెక్షన్. ఏ సెక్షన్ వాళ్లే తెలివైనవాళ్లని చాలాకాలం నమ్మాను. "చేరిన వరుసలో వేశాంరా, అంతే" అని మా లెక్కల మాస్టారు చెప్పాకే తలెత్తుకు తిరిగాను.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. పిల్లలకు అంకె నేర్పేటప్పుడు, అది దేన్ని బట్టి పెట్టారో కూడా చెప్పండి. ఆ ఒక్క మాట మా మాస్టారు నాకు చెప్పారు. ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు.