పరువును తాకట్టు పెట్టించుకునే ఫోన్లు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశాల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌లో స్త్రీలు తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ "జాగ్రత్త" అనే మాటతోనే నాకు మొదటి పేచీ. పొద్దుగూకాక బయట తిరగొద్దు, ఒంటరిగా బస్సెక్కొద్దు, గట్టిగా నవ్వొద్దు అని చెప్పిన నోళ్లే ఇవాళ ఫోటో పెట్టొద్దు, పేరు రాయొద్దు, అసలు ఫోనే ముట్టుకోవద్దు అంటున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 57 మంది, స్త్రీలు 33 మంది. మన రెండు తెలుగు రాష్ట్రాల స్త్రీలు ఆ సగటు కన్నా కూడా కిందే ఉన్నారు. కనుక మనం మాట్లాడుకునే భద్రత ఆ 33 మందిలో ఒక్కరిని కూడా వెనక్కి పంపేది కాకూడదు.

సూర్యాపేట సమావేశంలో ఒక కార్యకర్త లేచి, "మేడమ్, ఫోన్ల ఏదన్నా అయితే ఇంట్ల చెప్పుకోనే భయం. చెప్తే మొదలు ఫోను గుంజుకుంటరు, తర్వాత సదువు బంజేస్తరు" అంది. బెదిరించేవాడికి కావలసింది సరిగ్గా ఈ భయమే. అతని చేతిలో ఉన్న ఫోటోకి సొంతంగా బలమేమీ లేదు. ఆ ఫోటో చూసి తండ్రి ఏమంటాడో, అత్తగారు ఏమంటారో, వాడకట్టులో ఏమనుకుంటారో అన్న దానికే బలమంతా. అంటే అతను మన ఇంటి పితృస్వామ్యాన్నే ఆయుధంగా వాడుకుంటున్నాడు.

ఈ పద్ధతి ఫోన్లతో పుట్టింది కాదు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు కిస్తీ కట్టలేని ఆడవాళ్ల ఇళ్ల ముందు కూర్చున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పొలం, బంగారం తాకట్టు లేకుండా అప్పిచ్చాం అన్నారు. నిజానికి తాకట్టు ఉంది. అది ఆమె పరువు. పదిమందిలో అవమానిస్తే ఎక్కడినుంచైనా తెచ్చి కడుతుందన్నదే వాళ్ల లెక్క. ఆత్మహత్యలు జరిగాక ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సరిగ్గా పదేళ్ల తర్వాత, 2020లో, కరోనాతో కూలి పోయి, జీతాలు ఆగి జనం దిక్కుతోచక ఉన్నప్పుడు లోన్ యాప్‌లు వచ్చాయి. ఈసారి ఏజెంటు ఇంటి ముందు కూర్చోనవసరం లేదు. అప్పు ఇచ్చే ముందే యాప్ మన ఫోనులోని నంబర్లన్నీ, ఫోటోలన్నీ చూసే అనుమతి తీసుకుంటుంది. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే మన ముఖాన్ని వేరే ఒంటికి అతికించిన బొమ్మ మన అన్నకీ, ఆఫీసరుకీ, పిల్లల టీచరుకీ వెళుతుంది. తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాయి. 2020 డిసెంబరులో హైదరాబాదులో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అక్కడ కూర్చుని బెదిరింపు ఫోన్లు చేసినవాళ్లలో నెలజీతానికి కుదిరిన ఆడపిల్లలు కూడా ఉన్నారు. ఇది కూడా మనం మరచిపోకూడని విషయమే.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పులిచ్చే యాప్ మన కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాలు చూడకూడదు. కనుక ఏ యాప్ అయినా అప్పిస్తానంటూ మీ నంబర్ల జాబితా అడిగిందంటే, అది అడ్డదారిలో వచ్చిందన్నమాటే. మీ సంఘంలోని ఆడవాళ్లకు వడ్డీ లెక్క కంటే ముందు ఈ సంగతి చెప్పండి.

ఇక మిర్యాలగూడకు వచ్చి పరువు గురించి మాట్లాడుతూ ప్రణయ్ పేరు ఎత్తకుండా ఉండలేం. 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా ఆ దళిత యువకుణ్ణి నరికి చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు హంతకుడికి మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. కేసు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. నేను మాట్లాడదలచింది ఆ తర్వాత ఫోన్లలో జరిగిన దాని గురించి. సీసీ కెమెరా దృశ్యాన్ని ఎంతమంది ఎంతమందికి పంపారు! ఒక మనిషి చావును అతని తల్లిదండ్రులకు ఫోనులో కనబడేలా చేశాం. ఆ తర్వాత ఆ అమ్మాయి మీద పడ్డారు. కులాంతర వివాహం చేసుకున్నందుకు ఒకసారి, న్యాయం అడిగినందుకు ఒకసారి, 2020 మార్చిలో తండ్రి ఆత్మహత్య చేసుకున్నప్పుడు మరోసారి, బతుకుతున్నందుకు రోజూ. అదే ఏడాది వాళ్ల జీవితం మీద సినిమా ప్రకటిస్తే, ఆపమని కోర్టుకు కూడా వెళ్లవలసి వచ్చింది. నేను ఆమె పేరు చెప్పడం లేదని మీరు గమనించే ఉంటారు. ఆ పేరు మీకందరికీ తెలుసు, అవసరమైన దానికన్నా వెయ్యిరెట్లు ఎక్కువగా తెలుసు. అందుకే.

కత్తి పట్టినవాడు కిరాయివాడు. కానీ కామెంట్లు రాసినవాళ్లకు ఎవరూ కిరాయి ఇవ్వలేదు. కులం ఎంత సునాయాసంగా, ఎంత చవగ్గా పని చేస్తుందో చూడటానికి సమాజ శాస్త్రంలో ఇంతకు మించిన ఆధారం నాకు కనబడలేదు.

అయితే మర్యాద గురించి మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లనే అంటే చాలదు. మన వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా చూద్దాం. "ఈ అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోయింది, కనబడితే చెప్పండి" అని ఫోటో, ఊరు, తండ్రి నంబరుతో సహా వస్తుంది. జాలిపడి పదిమందికి పంపుతాం. ఆమె మేజరేమో, ఇష్టపడి పెళ్లి చేసుకుందేమో, ఆమెను వెతుకుతున్నవాళ్ల చేతుల్లో ఏముందో? ఈ జిల్లాలో ఉండి ఆ ప్రశ్న వేసుకోకపోతే ఎలా? 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మెసేజిలు వచ్చాయి. అవి పంపినవాళ్లలో ఎక్కువమంది తల్లుల లాంటి మంచివాళ్లే అయ్యుంటారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు.

మన సంస్థల పని కూడా ఉంది. కౌన్సిలింగుకు వచ్చిన స్త్రీ ఫోటో తీసి రిపోర్టుకు పెడతాం. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు గ్రూపులో పడేస్తాం, "సార్ అర్జెంటుగా అడిగారు" అని. నిధులిచ్చేవాళ్లకు ఆధారం కావాలి, నిజమే. కానీ ఆమె మన దగ్గరికి వచ్చింది ఆధారం అవడానికి కాదు. మీ ప్రాంతానికే చెందిన మల్లు స్వరాజ్యం వంటి సాయుధ పోరాట స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన వాళ్లు "మనకు తెలియని మన చరిత్ర"గా 1986లో అచ్చువేశారు. అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు అన్న ప్రశ్నకు జవాబు స్పష్టం. వాళ్లు తమ కథ తాము చెప్పారు. మన రిపోర్టు ఫోటోల్లో ఎంతమంది ఆడవాళ్లు తమ కథ తాము చెబుతున్నారు?

అనుమతి అనేది ఒక్కసారి తీసుకుని బీరువాలో పెట్టుకునేది కాదు. విచిత్రంగా, మన చట్టం ఈ విషయాన్ని మనకన్నా బాగా పట్టుకుంది. 2013లో నిర్భయ ఉద్యమం తర్వాత వచ్చి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్‌గా ఉన్న నిబంధన ప్రకారం, తన ఏకాంతపు దృశ్యం తీయడానికి ఒప్పుకున్న స్త్రీ దాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరం. "నువ్వే ఇచ్చావు కదా" అనే మాట చెల్లదు. 78వ సెక్షన్ ప్రకారం వద్దన్నా వెంటబడటమే కాదు, ఆమె ఇంటర్నెట్‌లో ఏం చేస్తోందో నిఘా పెట్టడం కూడా నేరం. లైంగిక నేరానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా అచ్చువేస్తే 72వ సెక్షన్. సానుభూతితో పెట్టినా సరే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఆమె పేరు, ఫోటో పెట్టి కన్నీళ్లు కార్చినవాళ్లు ఎందరో మనకు తెలుసు.

చట్టం మీద గుడ్డి నమ్మకం వద్దని కూడా చెప్పాలి. చిరాకు కలిగించే రాతలకు కూడా శిక్ష వేసే 66ఏ సెక్షన్ ఒకప్పుడు ఐటీ చట్టంలో ఉండేది. 2012లో ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు పాల్ఘర్‌లో ఒక అమ్మాయినీ, దాన్ని లైక్ చేసినందుకు ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అడిగింది శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని. నోరు మూయించే చట్టం ముందుగా ఎవరి నోరు మూస్తుందో మనకు అనుభవమే కదా.

ఇక ఎవరైనా బెదిరింపుతో మీ దగ్గరికి వస్తే. మొదట ఆమెను "ఎందుకు పంపావు" అని అడగొద్దు, ఆ ప్రశ్న ఇంట్లో వాళ్లు ఎలాగూ అడుగుతారు. భయపడి మెసేజిలు చెరిపేయనివ్వద్దు. తేదీ, పేరు, నంబరు, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి. డబ్బు ఇవ్వొద్దు, ఇస్తే వాడు మళ్లీ వస్తాడు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయాలి, ప్రతి గంటా విలువైనదే. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలపై నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. నగ్నంగా చూపిన ఫోటో గానీ, మార్ఫింగ్ చేసింది గానీ ఉంటే, బాధితురాలు ఫిర్యాదు చేసిన 24 గంటల్లోపు కంపెనీ తొలగించాలని 2021 ఐటీ నియమాల్లో మొదట రాశారు, 2026 సవరణతో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. ఇంకా బయటికి రాలేదు కానీ వస్తుందన్న భయం ఉంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోను దాటదు, దాని వేలిముద్ర లాంటి ఒక సంకేతం మాత్రమే కంపెనీలకు వెళుతుంది. కోదాడలో ఉన్న అమ్మాయి కేసు మిర్యాలగూడ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, జిల్లాలు వేరయ్యాయని తిప్పి పంపకూడదు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. స్టేషన్‌కు ఆమెను ఒంటరిగా పంపకుండా ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి.

కోదాడలో ఒకామె, సంఘం వదిలి వెళ్లినవాళ్లు గ్రూపులోనే ఉండిపోతే ఏం చేయాలని అడిగింది. చాలా మంచి ప్రశ్న. గ్రూపులో నూటయాభై నంబర్లుంటే, ఆ నూటయాభై మంది నంబర్లూ వాళ్ల దగ్గర ఉన్నట్టే. అందులో కౌన్సిలింగుకు వచ్చి చేరినవాళ్లు ఉంటే అది మరీ ప్రమాదం. కేసుల గ్రూపు, మీటింగుల గ్రూపు వేరుగా ఉండాలి, మూడు నెలలకోసారి జాబితా చూసుకోవాలి. ఆ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. టీ తాగి వచ్చాక అందరం ఫోన్లు తీసి, ముందు ఏ యాప్‌కి మన నంబర్లు, ఫోటోలు చూసే అనుమతి ఇచ్చామో వెతుకుదాం. సెట్టింగ్స్‌లో ఎక్కడ ఉంటుందో తెలియనివాళ్లు ముందు వరుసలో కూర్చోండి.