విద్యామంత్రి పదవి చరిత్ర – ఖరగ్‌పూర్ తెలుగు కార్మికుల పిల్లల చదువు

(ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్మిక సభలలో తరచుగా రెండు మంత్రిత్వ శాఖల ప్రస్తావన వస్తూ ఉంటుంది. ఒకటి రైల్వే శాఖ, రెండవది కార్మిక శాఖ. జీతం, బోనసు, క్వార్టరు, పాసు, పింఛను – వీటన్నిటి కోసం మనం ఆ రెండు శాఖల చుట్టూనే తిరుగుతూ వచ్చినాము. అయితే మన జీవితాలతో అంతగానూ ముడిపడిన మూడవ శాఖ ఒకటి ఉన్నది. నిమ్‌పురాలోగాని, మథురాకాటిలోగాని నివసించే తెలుగు కార్మికుని బిడ్డ ఏ భాషలో అక్షరాలు దిద్దుతుంది, ఆ భాష నేర్పే ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన తరువాత ఆ ఖాళీ నిండుతుందా లేదా, పరీక్షనాడు ప్రశ్నాపత్రం ఏ లిపిలో చేతికి వస్తుంది – ఈ విషయాలలో చెల్లుబాటయ్యేది రాష్ట్ర ప్రభుత్వ విద్యాశాఖ మాట. ఆ శాఖకు అధిపతియైన విద్యామంత్రి పదవి ఎట్లా పుట్టినది, ఎట్లా మారినది, దానివలన మనకు కలిగిన మేలేమి, కొరవడినదేమి అన్నది ఈనాడు మనం విచారించవలసిన విషయం.

ఒక సందేహం ముందుగా తీర్చుకోవాలి. రైల్వే కేంద్ర ప్రభుత్వ సంస్థ కదా, రైల్వే బడులు కూడా ఉన్నవి కదా, రాష్ట్ర విద్యామంత్రితో మనకేమి పని అని కొందరు అడుగుతారు. బడి భవనం రైల్వేది కావచ్చును, జీతమిచ్చేది రైల్వే కావచ్చును. కాని ఆ బడి రాష్ట్ర బోర్డు పరీక్షలకు పిల్లలను పంపుతున్నంత కాలం పాఠ్యప్రణాళిక, గుర్తింపు, పరీక్ష, సర్టిఫికెట్ రాష్ట్రానివే. రైల్వే బడిలో చేరని పిల్లల సంగతి పూర్తిగా రాష్ట్రం చేతిలోనిదే. కనుక ఖరగ్‌పూర్ తెలుగువానికి ఇద్దరు యజమానులున్నట్లే, అతని బిడ్డ చదువుకు ఇద్దరు బాధ్యులున్నారు. బాధ్యులు ఇద్దరైనచోట ఒకరు మరొకరిని చూపించి తప్పించుకొనుట సులభమని అనుభవం గల కార్మికులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఖజానా లేని మంత్రి

బ్రిటిషు పాలనలో చాలాకాలం విద్యకు మంత్రి లేడు. 1854 నాటి ఉడ్ విద్యా ప్రకటన తరువాత ప్రతి రాష్ట్రంలోనూ విద్యాశాఖ డైరెక్టరు అనే అధికారి ఏర్పడినాడు. ఆయన గవర్నరుకు జవాబుదారి, ప్రజలకు కాదు. 1919 భారత ప్రభుత్వ చట్టంతో ద్వంద్వ పాలన వచ్చినది. పోలీసు, ఆర్థికం, భూమిశిస్తు వంటి శాఖలను గవర్నరు తన కార్యనిర్వాహక సభ్యుల వద్ద అట్టిపెట్టుకొని, విద్య, ప్రజారోగ్యం, స్థానిక పాలన వంటివాటిని శాసన సభకు బాధ్యులైన భారతీయ మంత్రులకు అప్పగించినారు. ఆ విధంగా 1921లో బెంగాల్‌లో ప్రభాస్ చంద్ర మిత్ర విద్యామంత్రియైనారు.

అదే సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో ఆ పదవికి వచ్చినవారు మన తెలుగువారే. బరంపురానికి చెందిన న్యాయవాది అన్నెపు పరశురామదాసు పాత్రో 1926 వరకు విద్యామంత్రిగా ఉన్నారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడుటకు మూలమైన బిల్లును శాసన సభలో నడిపించినది ఆయనయే. తెలుగు ప్రజలు ఏండ్ల తరబడి సభలలో తీర్మానాలు చేసి అడిగినదానిని ఒక విద్యామంత్రి చట్టంగా మార్చినాడు. పదవి చేయగలిగిన మేలుకు ఇది తొలి ఉదాహరణ.

అయితే ఆ పదవిలోని లోపం కూడా మొదటినుండియే ఉన్నది. బడి మంత్రికి ఇచ్చినారు, డబ్బు సంచి మాత్రం గవర్నరు మనిషి వద్ద ఉంచినారు. ప్రాథమిక విద్యను విస్తరించవలెనని మంత్రి కోరినా, నిధులకు ఆర్థిక సభ్యుని ఎదుట నిలబడవలసినదే. ఈ ఏర్పాటు బూటకమని చిత్తరంజన్ దాస్ నాయకత్వంలోని స్వరాజ్య పక్షం బెంగాల్ శాసన సభలో వాదించినది. 1924లో మంత్రుల జీతాలనే సభ నిరాకరించినది. ఆనాటి విద్యామంత్రి ఫజ్లుల్ హక్ పదవి వదలవలసి వచ్చినది.

సరిగా ఆ కాలంలోనే ఖరగ్‌పూర్‌లో మన పెద్దలు మరొక పాఠం నేర్చుకుంటున్నారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు ఇక్కడ నెలకొన్నది మొదలు శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి తెలుగువారు వేలాదిగా వచ్చి స్థిరపడినారు. 1927లో వర్క్‌షాపులో సమ్మె జరిగినది, ఆ తరువాత లాకౌటు వచ్చినది. ఆ కార్మికుల సంఘాన్ని నడిపిన వి.వి. గిరి కూడా బరంపురం వారే. ఒకే ఊరి ఇద్దరిలో ఒకరు మంత్రివర్గంలో కూర్చుండి విశ్వవిద్యాలయం తెచ్చినారు, మరొకరు ఫ్యాక్టరీ గేటు వద్ద నిలబడి సంఘం కట్టినారు. 1937లో గిరి మద్రాసు మంత్రివర్గంలో కార్మిక మంత్రియైనారు. సంఘం బలం లేనిచో ఆ పదవి ఆయనకు దక్కేది కాదు.

1935 చట్టం క్రింద 1937లో రాష్ట్రాలకు స్వపరిపాలన వచ్చి, ఆర్థిక శాఖ కూడా మంత్రుల చేతికి వచ్చినది. బెంగాల్ ప్రధానియైన ఫజ్లుల్ హక్ విద్యాశాఖను తన వద్దనే ఉంచుకొన్నారు. జీతం నిరాకరింపబడి దిగిపోయిన మనిషి పదమూడు సంవత్సరాలకు ప్రభుత్వాధినేతగా అదే శాఖను కోరి తీసికొన్నారు. విద్యాశాఖ విలువ అప్పటికి అంతగా పెరిగినది.

నలుబది మంది, పది మంది

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మనకు అత్యంత ముఖ్యమైన ఘట్టం 1949 ఆగస్టులో జరిగినది. రాష్ట్రాల విద్యామంత్రులందరూ సమావేశమై ఒక తీర్మానం చేసినారు. ప్రాథమిక దశలో బోధన బిడ్డ మాతృభాషలోనే జరుగవలెను. ఆ మాతృభాష రాష్ట్ర భాష కానప్పుడు, బడి మొత్తంలో నలుబదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఆ భాష పిల్లలుంటే, కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించి ఆ భాషలో బోధించవలెను. కేంద్ర ప్రభుత్వం దీనిని ఆమోదించినది. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరినది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించుటకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెనని అది చెప్పుచున్నది. 350-బి అధికరణం క్రింద వారి రక్షణల అమలును పరిశీలించుటకు ప్రత్యేకాధికారి ఏర్పాటైనది.

ఇక్కడ రెండు విషయాలను గుర్తించాలి. రాజ్యాంగం వాడిన మాట ప్రయత్నించవలెనని. ప్రయత్నం చేసినామని చెప్పుట ఏ ప్రభుత్వానికైనా తేలికే. కాని విద్యామంత్రుల తీర్మానం లెక్క చెప్పినది. నలుబది అంటే నలుబదియే, పది అంటే పదియే. వేతన ఒప్పందంలో తగిన జీతం అని వ్రాస్తే కార్మికుడు ఒప్పుకొనడు, అంకె వ్రాయమంటాడు. అట్లే ఈ అంకె మన చేతిలోని ఆయుధం. అది పనిచేయాలంటే పిల్లల లెక్క మన వద్ద ఉండాలి. లెక్క లేనివాని హక్కు కాగితం మీదనే ఉండిపోతుంది.

పడమటి బెంగాల్ అనుభవం

1947 తరువాత పడమటి బెంగాల్‌లో విద్యామంత్రులుగా పనిచేసిన వారిలో హరేంద్రనాథ్ చౌధురి, భవాల్ సన్యాసి వ్యాజ్యంలో తీర్పు చెప్పిన న్యాయమూర్తిగా పేరొందిన పన్నాలాల్ బోస్ వంటివారున్నారు. 1954 ఫిబ్రవరిలో మాధ్యమిక ఉపాధ్యాయులు జీతభత్యాల కోసం కలకత్తా వీధులలో బైఠాయించినారు. ఆ ఉద్యమ నాయకులలో ముఖ్యులైన సత్యప్రియ రాయ్ 1969లో రెండవ ఐక్య సంఘటన ప్రభుత్వంలో స్వయంగా విద్యామంత్రియైనారు. పదునైదు సంవత్సరాల క్రితం మంత్రిత్వ శాఖ ఎదుట నిలబడిన ఉపాధ్యాయుడు అదే శాఖకు అధిపతియైనాడు. కార్మికోద్యమ చరిత్రలో ఇది గుర్తుంచుకోదగిన సంఘటన. ఆ ప్రభుత్వం 1970 మార్చిలోనే పతనమైనది కనుక, ఒక మంచి మనిషి పదవిలోనికి వచ్చుటతోనే పని పూర్తికాదన్న పాఠమూ అందులోనే ఉన్నది.

ఆ తరువాత పదవి స్వరూపమే మారినది. 42వ రాజ్యాంగ సవరణ 1977 జనవరి నుండి అమలులోనికి వచ్చి విద్యను రాష్ట్రాల జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చినది. రాష్ట్ర విద్యామంత్రి తలపై కేంద్ర శాసనాధికారం కూడా వచ్చి కూర్చున్నది. అదే సంవత్సరం అధికారంలోనికి వచ్చిన వామపక్ష సంఘటన పదవిని రెండుగా విభజించినది. పార్థ దే వద్ద పాఠశాల విద్య, శంభుచరణ్ ఘోష్ వద్ద ఉన్నత విద్య ఉన్నవి. అనంతరం కాంతి బిశ్వాస్ చాలాకాలం పాఠశాల విద్యను నిర్వహించినారు. ప్రాథమిక తరగతులలో ఇంగ్లీషు తొలగింపు, తిరిగి ప్రవేశపెట్టుట వామపక్ష సంఘటన పాలనా కాలంలోనివే. మాతృభాషకు బలమివ్వవలెనన్న ఆ విధానంలో మాతృభాష అంటే ఆచరణలో ప్రధానంగా బంగ్లాయే. తెలుగు బిడ్డ మాతృభాష ఏమిటని అడిగేందుకు ఎవరో ఒకరు ఉండవలసినది.

1997లో స్కూల్ సర్వీస్ కమిషన్ చట్టం వచ్చి, ఉపాధ్యాయుల ఎంపిక బడి కమిటీల నుండి కమిషన్‌కు మారినది. స్థానిక సిఫారసులను తొలగించుటకు అది మంచిదే. కాని 2016 నియామక ప్రక్రియలోని అక్రమాలు ఎంత తీవ్రమైనవంటే, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు 25 వేలకు పైబడిన నియామకాలను రద్దు చేసినది. తప్పుచేసిన వారితోపాటు న్యాయంగా ఎంపికైనవారు కూడా వీధిన పడినారు. పెద్ద భాషల బడులే ఉపాధ్యాయులు లేక అల్లాడే చోట, ఒకే ఒక ఉపాధ్యాయుని మీద ఆధారపడిన చిన్న భాష తరగతి గతి ఏమగునో ఊహించవచ్చును. నియామకాలు నిష్పక్షపాతంగా, సకాలంలో జరుగుట భాషా అల్పసంఖ్యాకులకు ప్రాణావసరం.

అధికార భాష హోదా వచ్చినది, మరి బడి?

1961 రాష్ట్ర అధికార భాషా చట్టం బంగ్లాకు, దార్జిలింగు కొండ ప్రాంతాలలో నేపాలీకి స్థానమిచ్చినది. 2012లో ఉర్దూ, హిందీ, ఒడియా, సంతాలీ, పంజాబీ భాషలను, వాటిని మాట్లాడేవారు పదిశాతం మించిన ప్రాంతాలలో, చేర్చినారు. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా కోరుతున్న హోదాను తెలుగుకు కల్పించుటకు 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినది. ఇది సంతోషకరమే. కాని అధికార భాష హోదా తనంతట తాను ఉపాధ్యాయ పోస్టును సృష్టించదు, పాఠ్యపుస్తకం ముద్రించదు. ప్రభుత్వ కార్యాలయం బల్ల మీదికి మన భాష వచ్చినది. తరగతి గదిలోని నల్లబల్ల మీద అది నిలుచుట వేరే పని.

తెలుగు రాష్ట్రాల విద్యామంత్రులు మనకేమీ చేయలేరా అని కొందరికి అనిపించవచ్చును. పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా ఉన్న కాలంలో 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాలలకు తెలుగు పుస్తకాలు తయారుచేసినది. మండలి వెంకట కృష్ణారావు విద్యామంత్రిగా 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నిర్వహించి ప్రవాసాంధ్రుల వైపు చూపు సారించినారు. ఇట్టి పని చేయగలిగినవారు నేడు రెండు ప్రభుత్వాలలో ఉండవలెను. ఏలయనగా 2014 నుండి తెలుగు రాష్ట్రాలు రెండు. అయితే హైదరాబాదు పుస్తకం యథాతథంగా బెంగాల్ పాఠ్యప్రణాళికకు సరిపోదు. చరిత్ర వేరు, భూగోళం వేరు, పరీక్ష వేరు. బెంగాల్ బోర్డు పాఠాలకు తెలుగు పుస్తకం కావలెనంటే రెండు ప్రాంతాల విద్యాశాఖలు కలిసి కూర్చోవాలి.

మరొక మాట దాచనక్కరలేదు. మనలో చాలామంది పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుతున్నారు. వారిని నిందించుట న్యాయం కాదు. బిడ్డ ఉద్యోగం గురించి తండ్రి భయపడుట సహజం. తెలుగునాటనే ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఏ మాధ్యమం కావలెనో ఎన్నుకొనుట తల్లిదండ్రుల హక్కు. కాని తెలుగు ఉపాధ్యాయుడే లేనిచోట ఎన్నిక ఎక్కడిది? ఇంగ్లీషు మాధ్యమంలో చదివే బిడ్డకు కూడా తెలుగును ఒక భాషగా నేర్పవచ్చును. కనుక మన కోరిక ఇంగ్లీషుకు వ్యతిరేకం కాదు, బంగ్లాకు అసలే వ్యతిరేకం కాదు.

మన కర్తవ్యం

ఈ శత సంవత్సరాల చరిత్ర చెప్పేదొకటే. విద్యామంత్రి పదవిలో పేరు ఒకరిది, నిధులు మరొకరివి, నియామకం మూడవవారిది. ఎవరిని ఏమి అడగాలో తెలిసి, లెక్కతో, సంఘటితంగా అడిగినప్పుడే ఆ పదవి మనకు పనికివచ్చినది.

అందుచేత, మొదటగా ప్రతి సెటిల్‌మెంటులోనూ బడి ఈడు తెలుగు పిల్లల జాబితా బడివారీగా, తరగతివారీగా తయారు చేయాలి. నలుబది, పది అంకెలు దాటిన ప్రతి చోటా వ్రాతపూర్వకంగా ఉపాధ్యాయుని కోరాలి. రెండవది, రాష్ట్ర విద్యాశాఖకు పంపే ప్రతి వినతిపత్రం ప్రతిని రైల్వే అధికారులకు, భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికి పంపాలి. మూడవది, పాఠ్యపుస్తకాల కోసం రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను సంప్రదించాలి. నాలుగవది, ఉద్యోగాలు కోల్పోయిన నిర్దోషులైన ఉపాధ్యాయుల న్యాయమైన కోరికలకు అండగా నిలవాలి. వారి బాధ మన పిల్లల బడి బాధయే.

పనిగంటల కోసం పోరాడిన తరం మనకు సంఘాన్ని ఇచ్చినది. ఆ సంఘం లెక్కల పుస్తకంలో ఇకమీదట మన పిల్లల పేర్లకు కూడా ఒక పుట ఉండవలెనని కోరుతున్నాము.