డోలు దాచిన కథ



పెళ్ళి ఊరేగింపు వచ్చినా, వినాయక నిమజ్జనం జరిగినా మన గోదావరిఖని వీధుల్లో డ్రమ్ముల మోతకు కిటికీలు అదురుతాయి. అది సరదా. అదే ఇంట్లో పిల్లవాడు ఖాళీ డబ్బా మీద దరువు వేస్తే "ఆపరా, తలనొప్పి!" అని కసురుతాం. చప్పుడులో చదువేముందని మన ఉద్దేశం. కాని దరువు కూడా ఒక విద్యే. కొందరికి అదే బ్రతుకు.

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో 1940లో పుట్టిన రింగో స్టార్ సంగతే చూడండి. పదమూడో ఏట క్షయవ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడి పిల్లల కాలక్షేపం కోసం పెట్టిన వాద్యబృందంలో డ్రమ్ముల మీద మోజు పడ్డాడు. 1962లో బీటిల్స్ బృందంలో చేరి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. అయితే రాక్ సంగీతంలో సాధారణంగా పాడేవారు ముందుంటారు, డ్రమ్ములవారు వెనక కూర్చుంటారు.

మన సింగరేణి సీమలో వాయించేవారే పాడేవారైన పెద్దమనిషి ఒకరుండేవారు. ఆయనే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు దగ్గరి కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు. కోయల్లో డోలీలది ఆయన శాఖ. ఎవరి ఇంటిపేరు ఏ గట్టుకు చెందినది, ఏ వంశానికి ఏ వేల్పు - ఇవన్నీ డోలు వాయిస్తూ పాడి చెప్పడం వారి వృత్తి. వేల్పుల బొమ్మలున్న గుడ్డ పడిగెలే వారికి పుస్తకాలు. తక్కినదంతా నోటికి రావలసిందే. తండ్రి పాడుతుంటే కొడుకు విని నేర్చుకోవాలి.

ఆ పాటల్లో సమ్మక్క, సారలమ్మల గాథ ముఖ్యమైనది. కాకతీయుల సేనను ఎదిరించిన తల్లీకూతుళ్ళ కథ అది! రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మనమంతా మేడారం పోతాం, నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇస్తాం. కాని ఆ తల్లుల కథను ఇన్ని తరాలు నోటిలో దాచి మనదాకా తెచ్చిందెవరని ఎప్పుడైనా అడిగామా?

రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటిదాకా ఆయన పేరు బయటి ఊళ్ళలో తెలిసినవారు ఎందరు? 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. గౌరవం వచ్చాక రెండున్నరేళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడే మనం ఆలోచించవలసిన మాట ఒకటుంది. కూలికి పోతే సాయంత్రానికి బియ్యం వస్తాయి. డోలు పడితే పిలిచిన రోజే కాసులు. అటువంటప్పుడు ఏ తల్లి మాత్రం తన కొడుకును డోలు పట్టమంటుంది? తప్పు ఆ తల్లిది కాదు. వినేవాళ్ళుంటేనే విద్య నిలుస్తుంది.

కనుక ఈసారి మేడారం పోయినప్పుడు గద్దెల దగ్గర మొక్కు తీరగానే బస్సుకు పరుగెత్తకండి. డోలు మ్రోగేచోట కాసేపు కూర్చోండి. పిల్లల్ని ఒడిలో కూర్చోబెట్టుకుని ఆ కథ విననివ్వండి. వాయించినవారి చేతిలో పదో పరకో పెట్టండి. అది దానం కాదు, మన కథను దాచిపెట్టినందుకు మనమిచ్చే కూలి.

సెలవు.