నీళ్లను చదివాకే గాలం
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. “జలవిద్యుత్ కేంద్రాల్లో ముప్పై ఏళ్లు పనిచేసినావు, పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు” అన్నారు. భోజనాల ముందు టర్బైన్ల గురించి మొదలుపెడితే పందిరి ఖాళీ అవుతుందని నాకు తెలుసు. అందుకని మా 1986 పదో తరగతి బ్యాచ్‌లో ఐదుగురం ఈ వేసవికి వేసుకున్న ఒక ప్రయాణం గురించి చెబుతాను. హిమాచల్ ప్రదేశ్‌లో తీర్థన్ అనే నదికి పోతున్నాం. బ్రౌన్ ట్రౌట్ అనే చేప కోసం. అది కూడా పెద్దది పడాలని ఆశ.

ఈ మాట బయటపెట్టగానే మా బ్యాచ్‌వాడే ఒకడు, “ఏమప్పా, ఒక చేప కోసం ఢిల్లీ దాటి పోవల్లనా? మన సిద్దాపురం చెరువులో లేవా? వెలుగోడుకు పోతే గంపెడు తెచ్చుకోవచ్చు గదా” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కొంత జవాబు ఇప్పుడే చెబుతాను, మిగతాది చివర్లో మీ అందరి ముందు పెడతాను.

మన బొచ్చె, రోహు, మోసు వెచ్చటి నీళ్ల చేపలు. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. బ్రౌన్ ట్రౌట్‌కు పన్నెండు నుంచి పదహారు డిగ్రీల నీళ్లు హాయి. ఇరవై దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, ఇరవై ఐదు దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. అంటే మే నెలలో మన ఊళ్లో ఏ చెరువులో వదిలినా సాయంత్రానికి ఉండదు. ఇది పుట్టుకతో మన దేశపు చేప కాదు. ఆంగ్లేయులు తమ ఊరి సరదాను వెంట తెచ్చుకున్నారు. 1900లో స్కాట్లండ్ నుంచి గుడ్లు కశ్మీర్ చేరాయి. 1909లో కశ్మీర్ నుంచి కులు లోయకు తెచ్చారు. నీలగిరుల్లోనూ ప్రయత్నించారు కానీ అక్కడ నిలదొక్కుకున్నది దీని అమెరికా దాయాది రెయిన్‌బో ట్రౌట్. పరాయి చేప వచ్చిన చోట స్థానిక చేపకు చోటు తగ్గుతుందన్నది కూడా నిజం. హిమాలయ నదుల్లో మొదటినుంచీ ఉన్న స్నో ట్రౌట్‌కు ఇది తిండిలోనూ తావులోనూ పోటీ. సరదాకు పోయేవాడు ఈ సంగతి తెలుసుకుని పోవాలి.

ఇక మా ప్లాను. ఇంజనీరు ప్లాను కాబట్టి, ఎప్పుడు పోవాలన్న దగ్గరే మూడు నెలలు పట్టింది. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ పట్టడం నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. మార్చి, ఏప్రిల్ బాగుంటాయి కానీ మాలో ఒకడు బ్యాంకు మేనేజరు, ఒకడు హైస్కూలు టీచరు. మార్చిలో ఒకరికి ఖాతాల ముగింపు, ఏప్రిల్‌లో ఇంకొకరికి పేపర్లు దిద్దడం. జూలై, ఆగస్టు అయితే వానలు. 2023 జూలైలో బియాస్ నది కులు, మండీ జిల్లాల్లో రోడ్లనూ ఇళ్లనూ ఎలా ఊడ్చుకుపోయిందో అందరం టీవీలో చూశాం. అన్నీ కొట్టేస్తే మే రెండో వారం మిగిలింది.

మేలో ఒక చిక్కుంది. కొండల మీద మంచు కరుగుతుంటుంది. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారేసరికి నది కొంచెం తగ్గి, నీళ్లు తేటగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ కరిగిన నీళ్లు దిగివస్తాయి. మధ్యాహ్నానికి ప్రవాహం పెరిగి, రంగు మారుతుంది. కాబట్టి గాలం పని పొద్దున్నే. పదకొండుకల్లా గట్టెక్కాలి. సాయంత్రం నీళ్ల రంగు చూసి నిర్ణయం.

దారి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. కర్నూలు నుంచి సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ. అక్కడినుంచి రాత్రి బస్సులో మండీ మీదుగా ఔట్. ఔట్ దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగం ఉంది. మనాలి పోయేవాళ్లు అందులోకి పోతారు. మేం దానికి ముందే మళ్లి, లార్జీ, బంజార్ దాటి గుషైణి చేరాలి. ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఈ ఎత్తు సంగతి మాకు ముఖ్యం. మాలో ఒకడికి పోయిన ఏడు గుండెకు స్టెంట్ వేశారు. డాక్టరును అడిగి, ఆయన సరే అన్నాకే గుషైణి అని రాసుకున్నాం. రోడ్డుకు దగ్గరున్న రేవులే ఎంచుకున్నాం. ఇరవై ఏళ్లుగా ఈ ప్రయాణం అనుకుంటున్నాం. పిల్లల చదువులు, అమ్మానాన్నల ఆసుపత్రులు, నా బదిలీలు, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. స్టెంట్ పడ్డవాడే ఆసుపత్రి మంచం మీదినుంచి ఫోన్ చేసి, “ఇంక వచ్చే ఏడు అనొద్దు రా” అన్నాడు. తేదీ ఖాయమైంది అప్పుడే.

మరి పెద్ద చేప ఎక్కడుంటుంది? చిన్న ట్రౌట్ ప్రవాహంలో పురుగుల కోసం తిరుగుతూ కనిపిస్తుంది. పెద్దది అలా కనపడదు. అది శ్రమ తక్కువ, తిండి ఎక్కువ ఉన్న చోటు చూసుకుంటుంది. పెద్ద బండ వెనక నీళ్లు నెమ్మదించే చోట, గట్టు కోసుకుపోయి లోపలికి గుహలా అయిన చోట, రెండు పాయలు కలిసే లోతులో కాపురముంటుంది. పురుగులతో దాని కడుపు నిండదు, చిన్న చేపలను తింటుంది. వెలుతురు తగ్గాకే బయటికి వస్తుంది. మన కొర్రమీను తీరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ప్రపంచంలోకెల్లా పెద్ద బ్రౌన్ ట్రౌట్లు ఎక్కడ పడ్డాయో చూస్తే నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి బయటపడింది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రం ఉంది. అక్కడ వేసవి మన వేసవికి చుట్టం. అలాంటి చోట లిటిల్ రెడ్ అనే నదిలో 1992లో పద్దెనిమిది కిలోలు దాటిన బ్రౌన్ ట్రౌట్ పడింది. చాలా ఏళ్లు ప్రపంచ రికార్డు అదే. వేడి దేశంలో చల్లటి నీళ్లు ఎక్కడివి? ఆ నది మీద గ్రీర్స్ ఫెర్రీ అనే ఆనకట్ట ఉంది. లోతైన జలాశయంలో ఎండకు పైనీళ్లు వేడెక్కుతాయి, బరువైన చల్లనీళ్లు అడుగున ఉండిపోతాయి. అడుగు నీళ్లు యంత్రాల గుండా కిందికి వదిలితే ఎండాకాలంలో కూడా నది చల్లగా పారుతుంది. ఆ నీళ్లలో ట్రౌట్ వదిలారు. 2020లో న్యూజిలాండ్‌లో ఇరవై కిలోల చేప పడింది, అదీ జలవిద్యుత్ కాలువలోనే. గ్రీర్స్ ఫెర్రీని కెనెడీ 1963 అక్టోబరులో ప్రారంభించారు. అదే ఏడు జూలైలో మన శ్రీశైలానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ఆనకట్ట కింది నదికి రెండో ముఖం కూడా ఉంది. అది చెప్పకుండా ఈ ప్లాను చెప్పడం తప్పు. మా దారిలో వచ్చే లార్జీ దగ్గరే, 2014 జూన్ 8 సాయంత్రం, విహారయాత్రకు పోయిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ల మీద ఫొటోలు దిగుతున్నారు. పైన ఆనకట్ట గేట్లు తెరిచారు. చూస్తుండగానే నీళ్లు పెరిగి ఇరవై నలుగురు విద్యార్థులు, వాళ్లతో పోయిన టూర్ మనిషి కొట్టుకుపోయారు.  మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుంటాయి.

ఎందుకలా జరుగుతుందో ఇక్కడున్న పిల్లలకు చెప్పాలి. అలాంటి కొండ ప్రాజెక్టుల్లో నిల్వ బాగా తక్కువ. వచ్చిన నీళ్లు వచ్చినట్టే యంత్రాలకు పోతాయి. గ్రిడ్‌లో కరెంటు అవసరం తగ్గితే యంత్రాలను తగ్గిస్తారు. అప్పుడు ఆ నీళ్లు ఎటు పోవాలి? గేట్ల గుండా నదిలోకే. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, ఎక్కడో ఊళ్లలో కరెంటు వాడకం తగ్గినందుకు, నది నిమిషాల్లో మనిషి ఎత్తు పెరగొచ్చు. నీళ్ల దగ్గర నిలబడ్డవాడికి అది కనపడదు. పైన ఏముందో ముందే తెలిసినవాడికి మాత్రమే తెలుస్తుంది.

అందుకే మా ప్లానులో మొదటి పేజీ చేపది కాదు, నీళ్లది. ఆనకట్ట కింద ఏ నదిలోనూ అడుగు పెట్టేది లేదు. తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని అక్కడివాళ్లు పట్టుబట్టి నిలుపుకున్నారు. ముప్పై ఏళ్లు ప్రాజెక్టుల్లో పనిచేసిన నేను ప్రాజెక్టు లేని నదిని వెతుక్కుని పోతున్నానని మావాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. ఒంటరిగా ఎవరూ నీళ్లలో దిగరాదు. మోకాలి లోతు దాటరాదు. నీళ్ల అంచున ఒక రాయి గుర్తు పెట్టుకుని, అది మునిగితే సామాను వదిలేసైనా గట్టెక్కాలి. మత్స్యశాఖ లైసెన్సు ఎవరిది వాళ్లకు ఉండాలి. జేబులో థర్మామీటరు. గాలానికి ముల్లు నొక్కేసి నున్నగా చేస్తాం. పెద్దది పడితే చెయ్యి తడుపుకుని, నీళ్లలోనే ఉంచి, ఫొటో తీసుకుని వదిలేస్తాం. “పట్టి వదిలేదానికి రెండు దినాల రైలా!” అని మా ఇంట్లో అన్నారు. చల్లనీళ్లలో చేప ఎదగడం నెమ్మది. పెద్ద చేప ఉందంటే అన్నేళ్లు దాన్ని బతకనిచ్చారని అర్థం. మా తర్వాత వచ్చేవాడికి కూడా అది ఉండాలి.

ఇప్పుడు మావాడి ప్రశ్నలో మిగిలిన సగం. మన దగ్గర లేవా? ఉన్నాయి. భవనాశి వాగులో బెండు కట్టిన గాలం వేసి మనమంతా పెరిగినవాళ్లమే. సంగమేశ్వరం దగ్గర కృష్ణ వెనకజలాల్లో పుట్టి మీద బతికేవాళ్లు నీళ్ల రంగు, గాలి వాలు చూసి వల ఎక్కడ వేయాలో చెబుతారు. నేను పుస్తకాల్లో వెతుక్కున్న విద్య వాళ్ల చేతుల్లో ఉంది. శ్రీశైలం జలాశయం వేసవిలో తగ్గి గుడి బయటపడుతుంది, వానాకాలం వరద వస్తే మళ్లీ మునుగుతుంది. ఆ మధ్యలో ఒడ్డు రోజుకో చోట ఉంటుంది. నిన్న నడిచిన నేల ఇవాళ బురద, రేపు మడుగు. సెలవుల్లో ఈతకు దిగేది మన పిల్లలే.

ఆ నీళ్లలోనే అలివి వలలు కూడా ఉన్నాయి. నిషేధం ఉన్నా వేస్తున్నారు. సన్నకన్ను వలలో వేలెడు పిల్ల కూడా తప్పించుకోలేదు. దాన్ని ఎండబెట్టి అమ్ముతారు. చిన్న లెక్క వేద్దాం. పది గ్రాముల పిల్లలు వెయ్యి పడితే పది కిలోలు. అవే వదిలేస్తే, నూటికి తొంభై చచ్చిపోయి వంద మిగిలినా, ఒక్కొక్కటి కిలో అయ్యేసరికి వంద కిలోలు. బొచ్చెకు మేత బాగుంటే కిలో కావడానికి ఏడాది చాలు. ఈ లెక్క మత్స్యకారులకు మనకన్నా బాగా తెలుసు. అయితే అప్పు ఉన్నవాడు ఏడాది ఆగలేడు. పెట్టుబడి పెట్టేవాడొకడు, వల లాగేవాడొకడు. కాబట్టి వేదికల మీదినుంచి వాళ్లకు నీతులు చెప్పే పని నాది కాదు. మన పిల్లలకు తమ నీళ్లు తెలిసేలా చేయడం మాత్రం మన చేతుల్లో ఉంది.

అందుకు ఈ సంఘాన్ని ఒకటి అడుగుతున్నాను. ఏటా వేసవి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలను ఒక రోజు వెనకజలాల దగ్గరికి తీసుకుపోదాం. ఒక పెద్ద మత్స్యకారుణ్ణి ఆ రోజుకు మాస్టారుగా పిలిచి, శాలువాతో పాటు గౌరవ వేతనం కూడా ఇద్దాం. చేపల పేర్లు, అవి గుడ్లు పెట్టే కాలం, ఎక్కడ దిగకూడదో ఆయన చెప్పనీ. పిల్లలు ఒడ్డునే ఉండాలి. ఆయనే పుట్టి మీద పోయి, తాడుకు మీటరు మీటరుకు ముడి వేసి, థర్మామీటరు దించి, పైనెంత, లోతునెంత అని కేక వేస్తే పిల్లలు రాసుకుంటారు. జలాశయం మట్టం రోజూ పేపర్లో వస్తుంది. వేసవి పొడవునా దాన్ని బడి నోటీసు బోర్డు మీద రాద్దాం. పదేళ్లు రాస్తే మన బడికి సొంత లెక్క ఒకటి ఉంటుంది. వచ్చేవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు, థర్మామీటర్లు మా ఐదుగురి తరఫున ఇస్తాం. సైన్సు మాస్టార్లు ఒప్పుకుంటే ఈ ఏడే మొదలుపెట్టొచ్చు.

మేం మే రెండో వారంలో బయల్దేరుతున్నాం. తిరిగొచ్చాక చేప ఎంత పెద్దదని అడగండి. చేతులు చాచి ఎంత చూపిస్తే అందులో సగం నమ్మండి. ఐదుగురం క్షేమంగా వచ్చామా అని మాత్రం ముందు అడగండి.