సీమ ఎండల్లో క్రియాటినిన్: మూత్రపిండ, ప్రోస్టేట్ వ్యాధుల పరిశోధనలో పర్యవేక్షణ స్థానం

ఈ సదస్సుకు ఎంచుకున్న విషయం మూత్రపిండ, ప్రోస్టేట్ వ్యాధుల చికిత్సకూ పర్యవేక్షణకూ సంబంధించిన క్లినికల్ పరిశోధన. అంటే ఒక మందుకు ఆపాదించిన గుణం నిజంగా ఏ మేరకు కనిపిస్తున్నదో ముందుగా నిర్ణయించుకున్న పద్ధతిలో రోగులలోనే పరీక్షించి తేల్చే శాస్త్రం. 1956లో మొదలైన కర్నూలు వైద్య కళాశాల, 2006లో కడపలో ఏర్పడిన రిమ్స్, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కలిసి, ఒకప్పుడు మద్రాసుకో వేలూరుకో పోతే తప్ప దొరకని వైద్యాన్ని రాయలసీమ పేదవాడికి చేరువ చేశాయి. కర్నూలు, కడప జిల్లాలలో ఇవాళ మూత్రపిండ రోగికి గానీ, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన వృద్ధునికి గానీ మందు దొరకడం పెద్ద కష్టం కాదు. ఆ మందు పనిచేస్తున్నదో లేదో చెప్పే కొలతను అదే మనిషిలో, అదే పద్ధతిలో, ఏళ్ల తరబడి తీసుకోవడమే కష్టం. ఇక్కడి పరిశోధన మొదలు కావలసింది ఆ కొరత దగ్గరే.

మూత్రపిండాల పనితీరును చెప్పే కొలతలలో అందరికీ తెలిసినది క్రియాటినిన్. దాని వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉన్నదన్న సంగతి మాత్రం వైద్య విద్యార్థులలో కూడా చాలామందికి గుర్తుండదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీర ద్రవాలలోని భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని రూపొందించి, ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని కనిపెట్టాడు. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రెండూ కండరంలో ప్రతిరోజూ కొద్దికొద్దిగా క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారి రక్తంలోకి చేరుతాయి. మూత్రపిండాలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి. వడపోత మందగించిన కొద్దీ రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. డయాలసిస్ రోగులలో భాస్వరం పెరగకుండా చూసుకోవడం నేటికీ వైద్యుని ముఖ్య బాధ్యతలలో ఒకటి గనుక, సుబ్బారావు కృషి ఈ సదస్సు విషయానికి రెండు వైపుల నుంచీ తగులుతున్నది.

అయితే క్రియాటినిన్ కండరం నుంచి పుట్టేది గనుక, కండరం తక్కువ ఉన్నవారిలో అది పుట్టడమే తక్కువ. ఆలూరు, పత్తికొండ ప్రాంతాలలో నలభై కిలోల బరువుతో కూలికి పోయే స్త్రీ రక్తంలో క్రియాటినిన్ మామూలుగా ఉన్నదని ల్యాబు కాగితం చెప్పినా, మూత్రపిండాలు అప్పటికే కొంత దెబ్బతిని ఉండవచ్చు. క్రియాటినిన్, వయస్సు, లింగభేదాల నుంచి వడపోత వేగాన్ని అంచనా కట్టే సూత్రాలు ప్రధానంగా పాశ్చాత్య జనాభాల నుంచి తయారైనవి. చండీగఢ్ పీజీఐ వైద్యులు ఇన్యులిన్ అనే పదార్థాన్ని ఎక్కించి, అది శరీరం నుంచి తొలగిపోయే తీరును బట్టి అసలు వడపోతను కొలిచి పోల్చినప్పుడు, ఆ సూత్రాలు భారతీయులలో ఉన్నదానికంటే ఎక్కువ చూపుతున్నాయని తేలింది. ఆ ఫలితం 2018లో అచ్చయింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని, మాంసం ఎప్పుడో ఒకసారి రుచి చూసే సీమ కూలీలలో ఈ తేడా ఎంత ఉంటుందో ఇక్కడే కొలవాలి తప్ప చండీగఢ్ నుంచి అరువు తెచ్చుకోవడం కుదరదు.

ఎండ సంగతి ఇంకొకటి. వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గడం గానీ, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం వంటి దెబ్బ గుర్తులు గానీ కనీసం మూడు నెలల పాటు నిలిచి ఉంటేనే దాన్ని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అనాలన్నది అంతర్జాతీయ నిర్వచనం. మే నెలలో బేతంచెర్ల నాపరాళ్ల గనిలోనో ఎర్రగుంట్ల పక్కన బండల పనిలోనో పగలంతా చెమటోడ్చిన మనిషికి ఆ సాయంత్రమే రక్తం తీస్తే క్రియాటినిన్ పెరిగి కనిపించడంలో వింత లేదు. కార్తీక మాసంలో అదే మనిషిలో అది దిగిపోవచ్చు, దిగకపోనూవచ్చు. ఆ పనివాడు ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో కొనుక్కున్న నొప్పి మాత్ర, నీరు తగ్గిన శరీరంలో మూత్రపిండానికి రక్తప్రసారాన్ని మరింత తగ్గిస్తుంది. ఒక్క శిబిరం పెట్టి, ఒక్కసారి రక్తం తీసి, శాతాలు ప్రకటించే సర్వేలకు పత్రికలలో చోటు దొరుకుతుందేమో గానీ శాస్త్రంలో విలువ స్వల్పమే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇందుకు గుణపాఠం. కవిటి, సోంపేట, కంచిలి మండలాల కొబ్బరి, జీడితోటల పల్లెల్లో మధుమేహమూ రక్తపోటూ లేనివారిలో కూడా మూత్రపిండాలు చెడిపోతున్న తీరును వైద్యులు గుర్తించి రెండు దశాబ్దాలు దాటింది. నీరు, నేల, పురుగుమందులు, ఎండ అంటూ అనుమానాలు చాలా వచ్చినా, కారణం ఇదేనని అందరూ ఒప్పుకునే నిర్ణయం మాత్రం రాలేదు. వ్యాధి రాకముందు నుంచే మనుషులను గమనిస్తూ వచ్చిన దీర్ఘకాలపు రికార్డు లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. 2012లో వెలువడిన భారతీయ మూత్రపిండ వ్యాధుల రిజిస్ట్రీ నివేదికలోని 52,273 మంది రోగులలో 31 శాతానికి మధుమేహం మూలమని తేలగా, 16 శాతానికి కారణమే తెలియలేదు. సీమలో ఉద్దానం వంటి పరిస్థితి ఉన్నదని ఎవరూ తొందరపడి అనరాదు. లేదని అనడానికి కూడా కొలతలు కావాలి. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం తవ్వకం సాగుతున్న చోట చుట్టుపక్కల గ్రామాలవారు బోరు నీటి గురించి వ్యక్తం చేసే ఆందోళనకు జవాబు క్రియాటినిన్‌తో దొరకదు. నీటి ద్వారా శరీరంలో చేరే యురేనియం రసాయనికంగా మొదట దెబ్బతీసేది వడపోత జల్లెడను కాదు, వడపోసిన ద్రవంలో పనికివచ్చేవాటిని తిరిగి పీల్చుకునే సూక్ష్మనాళికలను. ఆ దెబ్బ మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వంటి చిన్న ప్రోటీన్ల రూపంలో ముందుగా కనిపిస్తుంది. ఏ ప్రశ్నకు ఏ కొలత అన్న వివేకం లేని పర్యవేక్షణ ప్రజలకు లేని ధీమాను గానీ, లేని భయాన్ని గానీ ఇస్తుంది.

మూత్రపిండాలలో రాళ్ల విషయంలో ఇటలీ వైద్యుడు బోర్గీ బృందం 1996లో ప్రచురించిన పరిశోధన సీమకు అచ్చంగా సరిపోతుంది. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీరు తాగమని చెప్పి ఐదేళ్లు గమనించగా, ఆ జట్టులో 12 శాతం మందికి మాత్రమే రాయి మళ్లీ వచ్చింది. రెండో జట్టులో 27 శాతం మందికి వచ్చింది. ఇక్కడ గమనించదగినది తాగిన చెంబులు కాదు, వచ్చిన మూత్రం. నలభై మూడు డిగ్రీల ఎండలో అంత మూత్రం రావాలంటే ఇటలీలోని పార్మా నగరవాసి కంటే ఎంతో ఎక్కువ తాగాలి. పాలు మానితే రాళ్లు రావన్న ఊరి సలహాను కూడా అదే బృందం 2002లో తోసిపుచ్చింది: సున్నం తగ్గించినవారికంటే ఉప్పు, మాంసం తగ్గించి సున్నం మామూలుగా తీసుకున్నవారికే రాళ్లు తక్కువగా వచ్చాయి.

మందులలో ఇటీవలి పెద్ద మార్పు డాపాగ్లిఫ్లోజిన్. మధుమేహం ఉన్నవారినీ లేనివారినీ కలిపి 4,304 మందిపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో అది మూత్రపిండాల క్షీణత, తత్సంబంధ మరణాల వంటి ప్రధాన ఫలితాల ముప్పును 39 శాతం తగ్గించింది. పేటెంటు ముగిశాక దేశీయ కంపెనీల మాత్రలు చవకగా దొరుకుతున్నాయి. చిక్కేమిటంటే, ఈ మందు మొదలుపెట్టిన తొలివారాలలో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. అది ఊహించిన మార్పేనని తెలియని చోట మందు ఆపేస్తారు, మేలు అక్కడితో ఆగిపోతుంది. మరోవైపు ఈ మందు మూత్రం ద్వారా నీటిని, ఉప్పును కొంత అదనంగా బయటికి పంపుతుంది గనుక, వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో తాత్కాలికంగా ఆపమనే జాగ్రత్త సీమ వేసవికి మరింత వర్తిస్తుంది. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలి అన్నది డోన్‌లోనో మైదుకూరులోనో ఉన్న వైద్యుడు తేల్చుకోగలిగేది రోగి పాత కొలతలు చేతిలో ఉన్నప్పుడే.

ప్రోస్టేట్ అంటే మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే గ్రంథి. వయస్సుతో అది పెరిగి దారిని ఒత్తితే ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే మూత్రం పైకి ఎగదన్ని మూత్రపిండాలే ఉబ్బి చెడతాయి. క్రియాటినిన్ పెరిగిందని డయాలసిస్ మాట ఎత్తే ముందు ముసలివారిలో స్కానింగ్ చేసి ఈ అడ్డంకి ఉందో లేదో చూడమని పాఠ్యగ్రంథాలన్నీ చెబుతాయి. లక్షణాల తీవ్రతను ఏడు ప్రశ్నలతో సున్నా నుంచి 35 వరకు లెక్కించే అంతర్జాతీయ పట్టికలో, రాత్రి ఎన్నిసార్లు లేస్తారన్నది ఒక ప్రశ్న. బోరు మోటారుకు కరెంటు వచ్చే వేళను బట్టి రాత్రంతా మెలకువగా ఉండే రైతు దానికి చెప్పే జవాబును ఎలా లెక్కగట్టాలో ఆ పట్టిక తయారుచేసినవారికి తట్టి ఉండదు. అమెరికాలో 3,047 మందిని సగటున నాలుగున్నర ఏళ్లు అనుసరించి 2003లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో డాక్సజోసిన్, ఫినాస్టరైడ్ కలిపి ఇచ్చినప్పుడు వ్యాధి ముదిరే ముప్పు 66 శాతం తగ్గింది. ఏ ఒక్క మందూ విడిగా అంత మేలు చేయలేదు. ఆరు నెలలలో ముగించే పరిశోధనకు ఇంతటి ఫలితం చిక్కేది కాదు.

పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ స్రవించే ఒక ప్రోటీన్. అమెరికా ఔషధ సంస్థ ఈ రక్తపరీక్షను 1986లో మొదట అనుమతించింది క్యాన్సర్ రోగుల పర్యవేక్షణకే. రోగ నిర్ధారణకు తోడ్పడే పరీక్షగా అనుమతించింది 1994లో. ఫినాస్టరైడ్ కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సంగతి చీటీలో రాసి లేకపోతే, 3 అని వచ్చిన ఫలితాన్ని నిజానికి 6గా చదవాలని తర్వాతి వైద్యునికి తెలియదు. అతడు అంతా బాగానే ఉందని రోగిని ఇంటికి పంపుతాడు.

అందువల్ల ఈ సదస్సు కర్నూలు, కడప జిల్లాలకు ఉమ్మడి పర్యవేక్షణ పట్టికను ప్రతిపాదించడం సముచితం. బరువు, రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, వాడుతున్న మందులు, యాభై దాటిన పురుషులలో ధార లక్షణాలు అందులో ఉంటే చాలు. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి తీయాలి. ఏ మందునైనా పోల్చి చూసే పరీక్ష జరిపితే, 2009 నుంచి తప్పనిసరి అయిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మొదటి రోగిని చేర్చుకోక ముందే నమోదు చేయాలి. అన్నిటికంటే క్లిష్టమైనది మనుషులు జారిపోవడం. కోసిగి, కౌతాళం, మంత్రాలయం పల్లెల నుంచి మిరప, పత్తి కోతలకు సుగ్గి పేరుతో కుటుంబాలు గుంటూరు వైపు తరలిపోయే కాలంలో చలికాలపు పరీక్ష పెడితే, అధిక శ్రమ చేసేవారే లెక్కలోంచి తప్పిపోయి, ఊళ్లో మిగిలిన వృద్ధుల కొలతలే ఫలితాలుగా అచ్చవుతాయి. కాబట్టి ఆ మండలాలలో పరీక్ష తేదీలను ఆసుపత్రి క్యాలెండరును బట్టి గాక, కూలీల మేస్త్రీలను అడిగి, వారు బయలుదేరే వారానికి ముందూ తిరిగివచ్చిన వారం తర్వాతా నిర్ణయించాలి. గుంటూరు జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కూడా అదే పట్టిక, అదే ల్యాబు పద్ధతి అందుబాటులో ఉండేలా ఏర్పాటు చేయాలి.